పదిహేడడుగుల నిరసన

ఆయనకు కోపం వస్తే అరవరు, తిట్టరు, బల్ల గుద్దరు. లేచి బయటికి నడుస్తారు. ఆయన గురించి తెలియవలసింది ఇదొక్కటే. మిగతావన్నీ, అంటే ఆయన చదువు, ముప్పై ఏళ్ళ విదేశాంగ సర్వీసు, మూడు ఖండాల అనుభవం, ఈ ఒక్క గుణానికి తోకలు. శాఖలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. ఫైళ్ళలో తప్ప అన్నిచోట్లా ఆయన వాకౌట్ సారు.

వాకౌట్ అంటే విసురుగా లేచి వెళ్ళడమే కదా అనుకునేరు. అది తెలియనివాళ్ళ మాట. ముందు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టెలో పెడతారు. తర్వాత కలానికి మూత బిగిస్తారు. ఆ టిక్కుమన్న చప్పుడు సభంతా వినపడాలి. కాగితాలను నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి బల్లకు తట్టి సర్దుతారు. ఇక కుర్చీ. కుర్చీని ఎత్తి పక్కన పెట్టేవాడు ఆయన దృష్టిలో మర్యాదస్తుడే గానీ దౌత్యవేత్త కాడు. దాన్ని ఈడ్చాలి, అదీ పళ్ళు జివ్వుమనేలా ఈడ్చాలి. అప్పుడు మొదలవుతుంది తలుపుదాకా నడక. ఏ హాల్లో సమావేశమైనా ఆయన ముందురోజే వెళ్ళి, కుర్చీ నుంచి తలుపుకు అడుగులు లెక్కపెట్టుకుంటారు.

"పది లోపైతే అవమానం ఎవరికీ అందదు అమ్మాయ్. పాతిక దాటితే మధ్యలో మనకే నవ్వొస్తుంది. పదిహేడు ఉత్తమం."

ఈ అమ్మాయి ఆయన కింద రెండేళ్ళుగా పనిచేస్తున్న థర్డ్ సెక్రటరీ. రాయబార కార్యాలయంలో అంతకన్నా చిన్న అధికారి లేరు. అయినా చేరిన రోజే సారు ఆమెను ఉపనేతను చేసేశారు. పొరుగుదేశంతో చర్చలకు వెళ్ళే బృందంలో ఉన్నదే ముగ్గురు. నేత సారు, రెండోది ఆమె, మూడోవాడు కారు డ్రైవరు. డ్రైవరుకు హాల్లోకి ప్రవేశం లేదు కనుక ఆ పదవికి పోటీ లేకపోయింది. అప్పట్నుంచి ఆఫీసులో అందరూ ఆమెను ఉపనేత అనే పిలిచేవారు.

"సార్, అవతల తొమ్మిది మంది కూర్చున్నారు. మనం ఇద్దరమేనా?" అని అడిగింది మొదటి సమావేశంలో.

"అదే మన బలం. నేనొక్కణ్ణి లేచి వెళ్ళినా, సగం బృందం వెళ్ళిపోయిందని పేపర్లో రాస్తారు."

తానూ లేవాలేమోనని ఆమె కుర్చీ జరుపుకుంటే సారు కోప్పడ్డారు. ఇద్దరూ వెళ్ళిపోతే మన దేశం బల్లే ఖాళీ అయిపోతుందట. ఒకరు వెళ్ళాలి, ఒకరు ఉండాలి. వెళ్ళేది ఎప్పుడూ ఆయనే.

ఎందుకు వెళ్ళేవారంటే, కారణం దొరకని రోజంటూ లేదు. ఒకసారి ఎదుటివాళ్ళ పెన్సిళ్ళ మొనలు మనవాటికంటే వాడిగా ఉన్నాయని వెళ్ళారు. ఒకసారి ఏసీ గాలికి వాళ్ళ జెండా రెపరెపలాడుతోంది, మన జెండా వేలాడుతోంది అని వెళ్ళారు. ఇంకోసారి, ఏ పక్షానికీ చెందని సభాధ్యక్షుడు మన వైపు చూసి ఆవులించాడని వెళ్ళారు.

"పాపం, ఆయనకు నిద్ర సరిపోలేదేమో సార్," అంది ఉపనేత.

"వాళ్ళ వైపు తిరిగి ఆవులించొచ్చు కదా!"

ఈ గుణం హాలుతో ఆగేది కాదు. ఒక ఆదివారం గడ్డం గీయించుకుంటుంటే మంగలి మాటవరసకు, "ఎందుకండీ ఈ గొడవలు, ఆ ఇసుక దిబ్బేదో వాళ్ళకిచ్చేస్తే పోలా?" అన్నాడు. సారు లేచారు. ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో, మెడలో తువ్వాలుతో బయటికి నడిచారు. ఆ సాయంత్రం అధికారిక విందు. తీసిన ఫొటోలన్నిటిలోనూ ఆయన పక్కకు తిరిగే నిలబడ్డారు. మర్నాడు ఒక పత్రిక దాన్ని కఠిన వైఖరి అని రాసింది.

అన్నిటికంటే ఘనమైనది స్టోర్ గది వాకౌట్. ఆ రోజు హాలు మార్చిన సంగతి ఆయనకు ఆలస్యంగా తెలిసింది, అడుగులు లెక్కపెట్టుకునే వీలు చిక్కలేదు. మహా ఠీవిగా నడిచి, తలుపు తీసి, లోపలికి వెళ్ళి, వేసేసుకున్నారు. అది బయటికి పోయే తలుపు కాదు. చీపుళ్ళు, బకెట్లు, పాత జెండాలు పెట్టే గది. మామూలు మనిషైతే నాలుక్కరుచుకుని వెనక్కి వచ్చేవాడు. సారు రాలేదు. వస్తే దేశం వెనక్కి తగ్గినట్టు కాదూ! విరామం ప్రకటించి అందరూ వెళ్ళేదాకా చీపుళ్ళ మధ్యే నిలబడ్డారు. లోపల్నుంచి రెండు తుమ్ములు వినపడ్డాయి. అవి నిరసనలో భాగమేనా అని సభాధ్యక్షుడు ఉపనేతను చీటీ రాసి అడిగాడు.

ఇంట్లో మాత్రం వాకౌట్లకు బొత్తిగా విలువ లేదు. ఆయన భార్య హైస్కూల్లో లెక్కల టీచరు. "మళ్ళీ అదే కూరా?" అని ఆయన కుర్చీ ఈడ్చగానే, తలైనా ఎత్తకుండా, "ఏవండీ, ఎటూ బయటికేగా, ఆ చెత్తబుట్ట కూడా పట్టుకెళ్ళండి," అంటుందావిడ. ఉపనేత ఒకసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఆవిడే ఆమెకు రహస్యంగా చెప్పింది కూడా.

"పాలు అయిపోతే నేనే కోపం తెప్పిస్తానమ్మా. ఎలాగూ వెళ్తారు, వచ్చేప్పుడు తెస్తారు."

ఇంతకీ రెండు దేశాల తగువు ఒక ఇసుక దిబ్బ మీద. అది సరిహద్దు దగ్గర సముద్రంలో ఉంది. ఉంది అనడం కూడా పూర్తి నిజం కాదు. పోటు వస్తే మునుగుతుంది, పాటు వస్తే తేలుతుంది. దానిమీద చెట్టు లేదు, గుడిసె లేదు. పీతలున్నాయి గానీ తాము ఏ దేశానివో వాటికి పట్టింపు లేదు. మన పటంలో సరిహద్దు గీత దిబ్బకు అవతల నుంచి పోతుంది, వాళ్ళ పటంలో ఇవతల నుంచి పోతుంది. ఆ రెండు గీతల మధ్యనే చేపలు దండిగా పడతాయి. చేపల కోసం వెళ్ళి మన జాలర్లు వాళ్ళకు దొరికారు, వాళ్ళ జాలర్లు మనకు దొరికారు. మనవాళ్ళు నలభై ఒక్కమంది వాళ్ళ జైల్లో, వాళ్ళవాళ్ళు ఇరవై ఆరుమంది మన జైల్లో పద్నాలుగు నెలలుగా మగ్గుతున్నారు. దిబ్బ మునిగి తేలుతూ హాయిగానే ఉంది.

ఆ నలభై ఒక్క పేర్లూ టైపు చేసింది ఉపనేతే. కొన్నాళ్ళకు చూడకుండా చెప్పగలిగేది. పట్టుబడ్డ పడవల్లో ఒకదాన్ని నడిపే సరంగు భార్య రోజూ పొద్దున తొమ్మిదింటికి ఫోను చేసేది.

"మేడమ్‌గారూ, ఇవాళైనా తేలుతుందాండీ?"

"మాట్లాడుతున్నామమ్మా."

"సరేనండీ. ఆయనకు చలి పడదండీ. దుప్పటి ఇస్తున్నారో లేదో కాస్త కనుక్కోండి. రేపు చేస్తానండీ."

ఈ ఫోను పెట్టేసి హాలుకు వెళ్తే, అక్కడ సారు పెన్సిలు మొనల మీద లేచి వెళ్ళిపోయేవారు. ఉపనేతకు ఒళ్ళు మండేది. చర్చల నియమావళి ఏడో నియమం ప్రకారం, ఏ పక్షమైనా సభ విడిచి వెళ్తే పదిహేను నిమిషాలు విరామం. అంతేకాదు, బల్లమీద పెట్టి ఇంకా తెరవని కాగితాలన్నీ సభ సిబ్బంది పోగుచేసి, ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చేయాలి. పదిహేను నిమిషాలయ్యాక సారు తిరిగి వచ్చి, "మా నిరసన నమోదైందని భావిస్తూ" అని కూర్చునేవారు. రెండేళ్ళలో పది రౌండ్లు, ఇరవై మూడు వాకౌట్లు. వాకౌట్ల లెక్క ఉపనేత తన డైరీలో పళ్ళు కొరుకుతూ రాసుకుంది.

పదో రౌండు తర్వాత మంత్రిగారి ఓపికా అయిపోయింది. రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇంకొక్కసారి సభ విడిచి వెళ్తే నేత హోదా ఆ క్షణమే రద్దు. సారు దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఇంకో ఏడు నెలల్లో రిటైరవుతాను. నేతగానే రిటైరవ్వాలని ఉందమ్మా. ఇక లేవను."

"నిజంగా లేవరా సార్?"

"జెండాకు నిప్పంటుకున్నా లేవను. కూర్చునే నీళ్ళు చల్లుతాను."

పదకొండో రౌండు వచ్చింది. అదే చివరిది కూడా. ఆ సాయంత్రం ఐదింటితో పొరుగు ప్రభుత్వం గడువు తీరిపోతుంది. తర్వాత వాళ్ళకు ఎన్నికలు, కొత్త ప్రభుత్వం, కొత్త బృందం. మళ్ళీ చర్చలంటే ఏడాది మాట. ఐదులోపు సంతకాలైతే అరవై ఏడుగురు ఇళ్ళకు వెళ్తారు, కాకపోతే అందరూ లోపలే. మాటలన్నీ ముందే కుదిరాయి. దిబ్బ ఎవరిదన్న ఊసే ఒప్పందంలో లేదు, అందుకే కుదిరాయి. మిగిలింది అనుబంధం ఒకటే, జాలర్ల జాబితా, వాళ్ళు పట్టుబడ్డ చోట్లు గుర్తుపెట్టిన పటం. ఇరుపక్షాల అనుబంధాలనూ కవర్లలో బల్లమీద పెడతారు. అధ్యక్షుడు గంట కొట్టగానే అందరూ ఒకేసారి విప్పాలి. ఒకరు ముందు చూస్తే రెండోవాళ్ళకు చిన్నతనం.

మూడున్నరకు సభ మొదలైంది. పొరుగు బృందం నాయకుడు ప్రారంభోపన్యాసం అందుకున్నాడు. డెబ్బైకి దగ్గరపడ్డ పెద్దాయన, తెల్లటి మీసాలు, మెల్లటి మాట. ఆయన భాష మన వాళ్ళకు రాదు, మన భాష ఆయనకు రాదు. అద్దాల గదిలో కూర్చున్న అనువాదకురాలు అటుమాట ఇటు, ఇటుమాట అటు చెవిలో వేస్తోంది. ఉపనేత తన దగ్గరున్న ఆఫీసు ప్రతిని ఇంకోసారి చూసుకుందామని ఫైలు తెరిచింది. జాబితా బాగుంది. పేజీ తిప్పింది. పటంలో సరిహద్దు గీత దిబ్బకు ఇవతల నుంచి పోతోంది.

అది వాళ్ళ పటం. జాలర్లు దొరికిన చోట్లు సరిచూడ్డానికి నిన్నంతా రెండు పటాలూ పక్కపక్కన పరుచుకుని కూర్చుంది. పొద్దున హడావుడిలో మనది అనుకుని వాళ్ళది కాపీ మిషన్లో పెట్టింది. పన్నెండు ప్రతులు తీసింది. ప్రతిదాని మీదా మన ప్రభుత్వ ముద్ర తానే స్వహస్తాలతో గుద్దింది. తొమ్మిది వాళ్ళ ముందు, ఒకటి అధ్యక్షుడి ముందు, ఒకటి సారు ముందు, ఒకటి తన ఒళ్ళో.

గంట కొడితే ఇంకేముంది! దిబ్బ మాదేనని మీరే ముద్రేసి ఇచ్చారుగా అంటారు వాళ్ళు. ఆ కాగితం మాది కాదని మన ప్రభుత్వం అరగంటలో ప్రకటించాలి. ఒప్పందం చిరిగిపోతుంది. నలభై ఒక్కమంది లోపలే. పోనీ లేచి, పొరపాటైంది, కవర్లు వెనక్కివ్వండి అందామంటే, అడిగిన మరుక్షణమే తొమ్మిది మందీ విప్పుతారు. మనుషుల మధ్య పొరపాటుకు క్షమాపణ ఉంది గానీ, రాజ్యాల మధ్య పొరపాటంటే ఒప్పుకోలే.

ఆమె గబుక్కున పేజీ మూయబోయింది. ఫైలు సారు వైపు కొద్దిగా జారింది. ఆయన చూశారో లేదో తెలియదు. ఆ క్షణంలో కళ్ళజోడు సవరించుకుంటున్నారు. అవతల పెద్దాయన ఉపన్యాసం చివరికొచ్చింది. అధ్యక్షుడి చేయి గంట మీదికి వెళ్ళింది.

"చివరగా ఒక్క మాట," అన్నాడు పెద్దాయన. "మీ దేశ ప్రజలు మంచివాళ్ళు, ఓర్పు గలవాళ్ళు, మా గౌరవానికి పాత్రులు."

టిక్కుమంది. కలం మూత.

ఉపనేత తల తిప్పేలోపే కాగితాలు నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి బల్లకు తగిలాయి.

"అధ్యక్షా, దీన్ని మేం తీవ్రంగా ఖండిస్తున్నాం!"

"దేన్ని?" అన్నాడు అధ్యక్షుడు, గంట ఎత్తిపట్టుకునే.

"ఈ పొగడ్తను. మా ప్రజలు మంచివాళ్ళో చెడ్డవాళ్ళో మేం తేల్చుకుంటాం. మాకు ఓర్పుందని చెప్పడానికి వీళ్ళెవరు? ఇది మా అంతర్గత వ్యవహారాల్లో జోక్యం!"

కుర్చీ కీచుమంది. ఒకటి, రెండు, మూడు. సారు నడుస్తున్నారు. పొగిడినందుకు సభ విడిచి వెళ్ళడం ఆ హాలు ఎన్నడూ ఎరగదు. పొరుగు బృందంలో ఒకాయన నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. పదిహేడో అడుగుకు తలుపు తెరుచుకుంది, మూసుకుంది. అధ్యక్షుడు నిట్టూర్చి, "ఏడో నియమం," అన్నాడు. సిబ్బంది పళ్ళెం పట్టుకుని ఒక్కొక్క కవరూ ఏరుకొచ్చి, పదకొండూ ఉపనేత ముందు పెట్టారు. ఒక్కటీ విప్పలేదు.

ఆమె కవర్లు గుండెకు అదుముకుని వరండాలోకి పరిగెత్తింది. సారు కిటికీ దగ్గర నిలబడి మంచినీళ్ళు తాగుతున్నారు.

"సార్! పటం..."

"ఏ పటం?"

"మీరు చూశారా సార్?"

"నేనేం చూడలేదు. పొగిడితే నాకు పడదు. నా మొహం చూస్తూ నిలబడితే పద్నాలుగు నిమిషాలు పదమూడవుతాయి. వెళ్ళు!"

కాపీ గది కింది అంతస్తులో ఉంది. మెట్లు రెండేసి చొప్పున దిగింది. మిషను వేడెక్కడానికి రెండు నిమిషాలు తీసుకుంది, ఆ రెండు నిమిషాలూ ఆమె దాన్ని బతిమాలింది. మన పటాన్ని వెలుతురుకు పట్టి మూడుసార్లు చూసుకుంది. గీత దిబ్బకు అవతలే ఉంది. పన్నెండు ప్రతులు, పన్నెండు ముద్రలు. పాత పటాలను ముక్కలు చేసే యంత్రంలోకి తోసి, అది కరకరా నమిలేస్తుంటే, బతికాన్రా దేవుడా అని గోడకానుకుంది. అప్పుడు ఫోను మోగింది. మంత్రిగారు.

బయట విలేకరులు ఊరుకుంటారా? టీవీల్లో స్క్రోలింగ్ వచ్చేసింది.

"ఏమ్మా, పొగిడితే లేచి వెళ్ళాడటగా?" మంత్రిగారు అగ్గిమీద గుగ్గిలమవుతున్నారు. "నలభై ఒక్కమంది ప్రాణాలు ఆయనకు ఆటలుగా ఉన్నాయా?"

ఉపనేత మెట్లెక్కుతూనే చెప్పడం మొదలుపెట్టింది. "సార్, తప్పు ఆయనది కాదు. అసలు జరిగిందేమిటంటే, నేను పొద్దున..."

ఫోను చేతిలోంచి మాయమైంది. సారు మెట్ల పైనే ఉన్నారు.

"నమస్కారమండీ. అవునండీ, నేనే. పొగిడారు, తట్టుకోలేకపోయాను... చిత్తం... చిత్తం. ఉపనేత సంతకం చేస్తుంది. గట్టి పిల్లండీ. ఉంటాను."

ఫోను ఆమె చేతికిచ్చి, మెడలోని గుర్తింపు కార్డు తీసి ఆమె మెడలో వేశారు. ఏడు నెలల్లో రిటైరవ్వాల్సిన మనిషి, ఒక్క నిమిషంలో నేత కాకుండా పోయారు. ఆమెకు ఏడుపొచ్చింది. దాచుకోవాలనుకోలేదు కూడా.

"నిజం చెప్పనివ్వండి సార్."

"చెప్పు. ఐదయ్యాక చెప్పు. ఇప్పుడు చెబితే నీ నిజం నలభై ఒక్కమందిని ముంచుతుంది. వెళ్ళి కూర్చో. పేర్లు ఇంకోసారి సరిచూసుకో."

నాలుగూ ఇరవైకి సభ మళ్ళీ మొదలైంది. కవర్లు యథాస్థానంలోకి వచ్చాయి. ఉపనేత మొదటిసారి నేత కుర్చీలో కూర్చుంది. పక్క కుర్చీ ఖాళీ. అధ్యక్షుడు గంట మీద చేయి వేశాడు.

"ఆయనేరీ?" అన్నాడు పొరుగు పెద్దాయన.

"మా ప్రభుత్వం ఆయన హోదా రద్దు చేసిందండీ. సంతకం నేను చేస్తాను."

"ఎందుకు రద్దు చేసింది?"

"సభ విడిచి వెళ్ళినందుకు."

పెద్దాయన కలం బల్లమీద పెట్టేశాడు. "అధ్యక్షా, ఇది రికార్డులో రాసుకోండి. నాకు షుగరు. గంటకోసారి లేవకపోతే బతకలేను. కానీ నాయకుణ్ణి. మధ్యలో లేస్తే మా దేశం పారిపోయిందని రాస్తారు. నాలుగో రౌండులో రెండు గంటలు బిగబట్టుకుని కూర్చున్నాను. ఇక ప్రాణం పోతుందనుకున్నప్పుడు ఆయన మా జెండాకు గాలి తగులుతోందని లేచాడు. ఆ పదిహేను నిమిషాల్లో నేనెక్కడున్నానో అడగొద్దు. ఆ తర్వాత ప్రతి రౌండులోనూ గంట కాగానే ఆయనకేదో ఒక అవమానం జరిగేది."

పెద్దాయన పక్కన కూర్చున్న నడివయసు అధికారి గొంతు సవరించుకున్నాడు.

"మా ఆవిడకు నొప్పులొస్తున్నాయని కబురొచ్చిన రోజు, నాకు లేచి వెళ్ళే హోదా లేదు. అధ్యక్షులవారు ఆవులించారని ఆయన లేచాడు. నేను ఫోన్లో మా పాప ఏడుపు విన్నాను."

"నేను ఆవులించనే లేదు," అన్నాడు అధ్యక్షుడు. "నేనూ అప్పట్నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను."

అంతలో చెవుల్లో ఇంకో మాట వినపడింది. అందరూ తలలు తిప్పారు. అద్దాల గదిలోంచి అనువాదకురాలు మాట్లాడుతోంది. పదకొండు రౌండ్లలో ఆమె ఎదుటివాళ్ళ మాటలే తప్ప సొంత మాట ఒక్కటీ అనలేదు.

"పెన్సిళ్ళ రోజు నాకు గొంతు పోయింది. ఒక్క మాట తప్పు చెబితే ఉద్యోగం ఉండదు. ఆయన నా వైపు చూశారు. తర్వాత పెన్సిళ్ళ వైపు చూశారు." ఇదే మాటను ఆమె అలవాటుకొద్దీ రెండో భాషలో కూడా చెప్పింది.

ఉపనేత డైరీలో ఇరవై మూడు వాకౌట్ల లెక్క ఉంది. ఒక్కోదాని ఎదురుగా కారణం రాసి, పక్కన ఆశ్చర్యార్థకం పెట్టుకుంది. పెన్సిళ్ళు, జెండా, ఆవులింత. రెండేళ్ళు పక్క కుర్చీలో కూర్చుని ఆయన కోపాన్నే చూసింది గానీ ఆయన చూపు ఎటుందో ఒక్కసారీ చూడలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ వెంటనే పట్టరాని సంతోషం కూడా వేసింది.

"ఇవాళ ఎవరికోసం లేచాడో నాకు తెలియదు," అన్నాడు పెద్దాయన. కావాలనే ఆమె వైపు చూడలేదు. "తెలుసుకోవాలనీ లేదు. కానీ ఆయన లేని బల్లమీద నేను సంతకం పెట్టను. మా బృందం నిరసన తెలుపుతోంది."

తొమ్మిది కుర్చీలు కదిలాయి. ఈడ్చడం అలవాటు లేనివాళ్ళు, ఎత్తి పక్కన పెట్టారు పాపం. అందరూ ఒకేసారి తలుపు మీద పడ్డారు. అధ్యక్షుడు గోడ గడియారం చూశాడు. నాలుగున్నర. "ఏడో నియమం," అన్నాడు పాలిపోయిన మొహంతో.

ఉపనేత అక్కడి నుంచే రాజధానికి ఫోను చేసింది.

"సార్, వాకౌట్ జరిగింది."

"మళ్ళీనా! ఆయన్ని బయట కూర్చోబెట్టమన్నానుగా!"

"ఆయన బయటే ఉన్నారు సార్. వెళ్ళింది వాళ్ళు."

"వాళ్ళెందుకు వెళ్ళారు?"

"మన సారు లోపల లేరని."

"అంటే మనవాణ్ణి మనం తీసేసినందుకు వాళ్ళు మనమీద అలిగారా?"

"నిరసన తెలిపారు సార్."

"దానికి మనం నిరసన తెలపాలా?"

"తెలిపితే ఇంకో పదిహేను నిమిషాలు పోతాయి సార్. ఐదింటికి గడువు."

మంత్రిగారు ఎవరినో పిలిచారు, ఎవరిమీదో అరిచారు, మళ్ళీ ఫోను దగ్గరికొచ్చారు. "సరే, పెట్టండి ఆయన్నే పెట్టండి! కానీ ఆయనకొక మాట చెప్పు. ఆ కుర్చీకి తాడేసి కట్టేయిస్తాను."

ఆమె పరుగున వరండాలోకి వచ్చింది. అక్కడ సారు పొరుగుదేశం వాళ్ళను తొమ్మిదిమందినీ వరుసగా నిలబెట్టి చీవాట్లు పెడుతున్నారు. అనువాదకురాలు కూడా వచ్చి పక్కన నిలబడి ఆ చీవాట్లను శ్రద్ధగా అనువదిస్తోంది.

"తొమ్మిదిమంది ఒకేసారి తలుపులో ఇరుక్కుంటే దాన్ని నిరసన అనరండీ, తొక్కిసలాట అంటారు. ముందు పెద్దవారు రావాలి. కుర్చీ ఎందుకు ఎత్తారు? చప్పుడేదీ?"

"మొదటిసారి కదా," అన్నాడు పెద్దాయన నొచ్చుకుంటూ.

"సార్! నేత మీరే! మంత్రిగారు ఒప్పుకున్నారు!" ఉపనేత కార్డు తీసి ఆయన మెడలో వేసింది. ఆయన వద్దనలేదు. కార్డును రెండుసార్లు తడుముకుని, చొక్కా సర్దుకున్నారు.

నాలుగూ నలభై ఐదుకు అందరూ కూర్చున్నారు. గంట మోగింది. కవర్లు ఒకేసారి విచ్చుకున్నాయి. మన పటం వాళ్ళు చూశారు, వాళ్ళ పటం మనవాళ్ళు చూశారు. ఎప్పటిలాగే రెండు పటాల్లో గీతలు కలవలేదు, ఎప్పటిలాగే ఎవరి అభ్యంతరం వాళ్ళు నమోదు చేయించారు. జాబితాలు మాత్రం పేరు పేరునా కలిశాయి. నలభై ఒకటి. ఇరవై ఆరు. కలాలు చేతికొచ్చాయి.

సంతకానికి ముందు పొరుగు పెద్దాయన ఉండబట్టలేకపోయాడు. కళ్ళు తడిచేసుకుని సారు వైపు తిరిగాడు.

"ఇంతటి పెద్దమనసున్న మనిషిని నా జీవితంలో..."

టిక్కుమంది కలం మూత. సారు చేయి కుర్చీ వీపు మీదికి వెళ్ళింది. గడియారంలో నాలుగూ యాభై మూడు.

"కూర్చోండి!"

ఉపనేత అరిచింది, పెద్దాయన అరిచాడు, ఆయన వెనక ఎనిమిదిమందీ అరిచారు, అధ్యక్షుడు తన పదవి మరిచి గంట విసిరేసి మరీ అరిచాడు. అద్దాల గదిలోంచి అనువాదకురాలు రెండు భాషల్లోనూ అరిచింది. రెండేళ్ళ చర్చల్లో రెండు దేశాలూ కలిసి ఒక్క గొంతుతో అన్న మొదటి మాట అదే.

సారు బిక్కమొహం వేసుకుని కూర్చున్నారు. మూత తీసి సంతకం పెట్టారు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఉపనేత ఫోను మోగలేదు. సరంగు భార్య రేవులో ఉంది, ఆయన కోసం దుప్పటి పట్టుకుని.